మామూలు జబ్బుల చాటున గుండె కణితి

కోనసీమలో ఏ ఊళ్లోనైనా నలభై ఏళ్ల ఆడమనిషి నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తోందంటే ముందు రక్తం తక్కువైందంటారు. సాయంత్రం పూట సన్నగా జ్వరం కాస్తూ బరువు తగ్గుతుంటే టీబీ అనుమానిస్తారు. స్టెతస్కోపులో గుండె చప్పుడు తేడాగా వినిపిస్తే చిన్నప్పటి కీళ్లవాతం వల్ల వాల్వు పాడైందని చెబుతారు. ఉన్నట్టుండి మూతి వంకరపోయి చెయ్యి పడిపోతే పక్షవాతం అంటారు. ఈ నాలుగూ గోదావరి డెల్టాలో రోజూ చూసే జబ్బులే కాబట్టి ఆ అంచనాలు చాలావరకు నిజమే అవుతాయి. అయితే ఈ నాలుగు బాధలూ ఒకే మనిషికి ఒకే కారణంతో రావచ్చు. గుండె పై గదుల్లో ఒకటైన ఎడమ కర్ణికలో కాడతో వేలాడే మిక్సోమా అనే కణితి ఆ కారణం.

గుండెలో కణితి అంటే చాలామందికి కొత్త. ఊపిరితిత్తుల్లో, రొమ్ములో, గర్భసంచిలో కణితులు విన్న మాటలే గానీ గుండెకు కూడా వస్తాయని విన్నవాళ్లు తక్కువ. అందులో వింతేమీ లేదు. గుండె కండరంలోని కణాలు పుట్టిన కొద్దికాలానికే విభజన దాదాపుగా మానేస్తాయి, విభజన లేనిచోట కణితికి ఆస్కారమూ తక్కువే. శవపరీక్షల ఆధారంగా వేసిన లెక్కల్లో తరచుగా ఉదహరించేది 0.02 శాతం, అంటే పదివేల మందిలో ఇద్దరు. మరో అవయవంలో పుట్టిన కేన్సర్ గుండెదాకా పాకడం ఇంతకు ఇరవై రెట్లకు తక్కువ కాదు. గుండెలోనే పుట్టినవాటిలో మాత్రం ఎక్కువభాగం కేన్సర్లు కావు. వాటిలో పెద్దవాళ్లకు తరచుగా వచ్చే మిక్సోమాను సకాలంలో కోసి తీసేస్తే మనిషి కోలుకుని తిరిగి పొలానికో, బడికో, దుకాణానికో వెళ్లిపోవచ్చు. అంత సూటి చికిత్స ఉన్న జబ్బు పేరు ఎవరికీ తట్టక మనిషి పోవడం కన్నా బాధాకరం మరొకటి లేదు.

డెల్టాలో అడ్డంకి యంత్రాలు లేకపోవడం కాదు. గుండెకు తీసే అల్ట్రాసౌండ్ స్కానింగ్, అంటే టూడీ ఎకో, కాకినాడ, రాజమహేంద్రవరం, ఏలూరులోనే కాదు, భీమవరం, అమలాపురం లాంటి పట్టణాల్లోనూ తీస్తున్నారు. ఆ పరీక్ష ఎవరికి రాస్తున్నారన్నదే అసలు ప్రశ్న. ఛాతీ నొప్పి అన్నవాళ్లకు వెంటనే రాస్తారు. మూడు నెలలుగా జ్వరం అన్నవాళ్లకు రాయరు. ముప్ఫై ఏళ్లకే పక్షవాతం వచ్చిన మనిషికి తల స్కానింగ్ తీసి అక్కడితో ఆపేస్తారు. గుండె కణితి దొరకకుండా పోయేది ఈ ఖాళీల్లోనే.

ఎడమ కర్ణికలో జరిగేది

మిక్సోమాల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు ఎడమ కర్ణికలోనే పెరుగుతాయి. మిగతావాటిలో ఎక్కువభాగం కుడి కర్ణికలో ఉంటాయి. ముప్ఫై నుంచి అరవై ఏళ్ల మధ్యవాళ్లకు, అందులోనూ ఆడవాళ్లకు ఎక్కువగా వస్తుంది. రెండు కర్ణికల మధ్య గోడలో చిన్న పల్లం ఒకటి ఉంటుంది. తల్లి కడుపులో ఉన్నప్పుడు రక్తం దాటే దారి అది, పుట్టాక మూసుకుపోతుంది. దాన్ని ఫోసా ఒవాలిస్ అంటారు. మిక్సోమా కాడ సాధారణంగా అక్కడే అంటుకుని ఉంటుంది. బయటికి తీసి ట్రేలో పెడితే తాటిముంజెలా మెత్తగా, జిగటగా, వెలుతురుకు నిగనిగలాడుతూ కనిపిస్తుంది. లోపల రక్తం కమిలిన చోట్ల ముదురు మచ్చలుంటాయి. ఐదారు సెంటీమీటర్లు పెరిగేదాకా మనిషికి ఏమీ తెలియకపోవచ్చు.

ఊపిరితిత్తుల నుంచి వచ్చిన మంచి రక్తం ఎడమ కర్ణికలో చేరి, మైట్రల్ వాల్వు గుండా కింది గది అయిన ఎడమ జఠరికలోకి దిగుతుంది. కాడ పొడుగ్గా ఉంటే జఠరిక వదులైన ప్రతిసారీ కణితి కూడా రక్తంతోపాటు జారి వాల్వు నోట్లో అడ్డం పడుతుంది. జఠరిక ముడుచుకోగానే వెనక్కి కర్ణికలోకి వెళ్తుంది. నిమిషానికి డెబ్భై ఎనభై సార్లు ఇదే జరుగుతుంటుంది. రక్తం దిగే దారి ఇరుకైతే వెనకాల ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరిగి ఆయాసం, రాత్రిపూట దగ్గు, ఒక్కోసారి కళ్లెలో నెత్తురు. కణితి వాల్వును కాసేపు పూర్తిగా మూసేస్తే కళ్లు తిరిగి పడిపోతారు. అది తెరుచుకోకపోతే ప్రాణం అక్కడికక్కడే పోతుంది.

ఒక గుర్తు రోగులే తమంతట తాము చెబుతారు. మామూలు గుండెజబ్బులో వెల్లకిలా పడుకుంటే ఆయాసం పెరుగుతుంది, లేచి కూర్చుంటే తగ్గుతుంది. మిక్సోమా ఉన్న కొందరిలో ఇది తిరగబడుతుంది. లేచి నిలబడితే ఊపిరాడదు, పడుకుంటే తెరిపిగా ఉంటుంది. లేదా ఎడమ పక్కకు తిరిగితే దడ, కుడి పక్కకు తిరిగితే హాయి. కణితి బరువు ఏ వైపు జారితే వాల్వు ఆ మేరకు మూసుకుపోవడమే దీనికి కారణం. "ఈ పక్కకు పడుకుంటే గుండె పట్టేస్తోందండీ" అనే మాటను గ్యాస్ కిందో భయం కిందో కొట్టిపారేయడం పెద్ద పొరపాటు. వైద్యుడు చేయి కూడా వేయకముందే రోగి ఇచ్చే ఆధారమది.

కీళ్లవాతం కాదని తెలిసేదెలా

మన దగ్గర మైట్రల్ వాల్వు ఇరుకైపోయిందంటే తొంభై శాతం పైగా ఆలోచన రుమాటిక్ గుండెజబ్బు మీదికే పోతుంది. చిన్నతనంలో గొంతునొప్పి, ఆ తర్వాత కీళ్ల వాపు, జ్వరం, ఏళ్లు గడిచాక వాల్వు అంచులు అతుక్కుపోవడం, ఇదీ దాని వరస. మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూదులు వేయించుకుంటున్న కుటుంబాలు డెల్టాలో ఇప్పటికీ ఉన్నాయి. మిక్సోమాలోనూ అదే వయసు, అదే ఆయాసం, గుండె కొస దగ్గర అలాంటి శబ్దమే. రెండింటినీ స్టెతస్కోపుతో వేరుచేయడం అనుభవజ్ఞులకూ కష్టమే.

కష్టమే గానీ అసాధ్యం కాదు. రుమాటిక్ జబ్బు ఏళ్ల తరబడి మెల్లగా ముదురుతుంది, మిక్సోమా బాధలు నెలల్లోనే పెరుగుతాయి. వాల్వు ఏళ్లపాటు ఇరుకుగా ఉన్నవాళ్లలో కర్ణిక సాగిపోయి నాడి లయ తప్పుతుంది, మిక్సోమా ఉన్నవాళ్లలో నాడి సాధారణంగా క్రమంగానే ఉంటుంది. మిక్సోమాలో కణితి కిందికి జారి ఆగినప్పుడు మంద్రంగా ఒక దెబ్బ చప్పుడు వినిపిస్తుంది. వైద్య పుస్తకాలు దాన్ని ట్యూమర్ ప్లాప్ అంటాయి. మనిషిని కూర్చోబెట్టి ఒకసారి, పడుకోబెట్టి ఒకసారి వింటే శబ్దం మారిపోవడమో మాయమవడమో జరగొచ్చు. ఈ తేడాలేవీ రోగ నిర్ధారణ చేయవు, ఎకో రాయడానికి కారణం మాత్రం ఇస్తాయి. అంతకుమించి వాటి నుంచి ఆశించకూడదు.

జ్వరం సంగతి ఇంకా చిక్కు. మిక్సోమా కణాలు ఇంటర్‌ల్యూకిన్-6 అనే రసాయనాన్ని తయారుచేస్తాయి. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు శరీరం విడుదల చేసే రసాయనమే ఇది. దానివల్ల సన్న జ్వరం, ఒళ్లునొప్పులు, కీళ్లనొప్పులు, బరువు తగ్గడం, హిమోగ్లోబిన్ పడిపోవడం, ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష ఈఎస్ఆర్ పెరగడం అన్నీ వస్తాయి. సూక్ష్మజీవి మాత్రం ఏదీ ఉండదు. ఇక్కడి వాడుకలో ఇలాంటి జ్వరానికి ముందు వైడాల్ పరీక్ష చేయిస్తారు. టైఫాయిడ్ తరచుగా ఉండే ప్రాంతంలో ఆ పరీక్ష జబ్బు లేకున్నా పాజిటివ్ చూపడం మామూలే. టైఫాయిడ్ మందులు ఒక విడత, తగ్గకపోతే ఇంకో విడత, ఆ తర్వాత బరువు తగ్గుతోంది కదా అని కళ్లె పరీక్షలో ఏమీ లేకున్నా టీబీ మందులు మొదలుపెట్టడం. ఈలోగా కణితి పెరుగుతూనే ఉంటుంది. ఆపరేషన్ చేసి తీసేశాక ఈ జ్వరం, రక్తహీనత, ఒళ్లునొప్పులు వాటంతట అవే తగ్గిపోతాయి.

కారణం తెలియని జ్వరం మూడు వారాలు దాటితే గుండెను ఒకసారి ఎకోలో చూడటం మంచి పద్ధతి. ఇది కణితి కోసమే కాదు. వాల్వు మీద సూక్ష్మజీవులు చేరి పుండు పడే ఎండోకార్డైటిస్ అంతకన్నా ఎక్కువగా వస్తుంది, అదీ ఇలాగే జ్వరంగా మొదలవుతుంది. ఒక్క పరీక్షతో రెండింటి సంగతీ తేలుతుంది.

పక్షవాతం దగ్గర జరిగే ఆలస్యం అన్నిటికన్నా ఖరీదైనది. కణితి ఉపరితలం నున్నగా కాకుండా వేళ్లు వేళ్లుగా విడిపోయి ఉంటే రక్తప్రవాహానికి ముక్కలు ఊడి కొట్టుకుపోతాయి. ఎడమ వైపు కణితి నుంచి ఊడిన ముక్క ఎక్కువగా మెదడుకే పోతుంది. మిగతావి కాలి రక్తనాళానికో, మూత్రపిండానికో, పేగుకో, కంటికో చేరతాయి. బీపీ లేదు, షుగర్ లేదు, పొగ తాగే అలవాటు లేదు, వయసు ముప్ఫై ఐదు, అయినా పక్షవాతం వచ్చింది. అలాంటి మనిషికి ఎకో తీయకుండా ఇంటికి పంపితే రెండో ముక్క ఎప్పుడైనా ఊడవచ్చు. కాలు చల్లబడి నల్లబడితే సర్జన్ రక్తనాళం తెరిచి అడ్డాన్ని తీస్తారు. రక్తపు గడ్డే కదా అని దాన్ని పారేయకుండా పెథాలజీకి పంపాలి. ఆ ముక్కలో మిక్సోమా కణాలు కనిపించాకే గుండెలో కణితి ఉందని బయటపడిన రోగులు వైద్య చరిత్రలో చాలామందే ఉన్నారు.

తెర మీద కనిపించేది

ఎకో గదిలో మనిషిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఛాతీ మీద చల్లటి జెల్లీ రాసి, పక్కటెముకల సందులో ప్రోబ్ ఆనిస్తారు. గుండె కొస నుంచి చూసేటప్పుడు తెర మీద బొమ్మ తలకిందులుగా వస్తుంది. జఠరికలు పైన, కర్ణికలు కింద కనిపిస్తాయి. మామూలుగా ఎడమ కర్ణిక నల్లగా, ఖాళీగా ఉంటుంది, మధ్యలో మైట్రల్ వాల్వు రెండు తెల్లటి గీతలుగా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. మిక్సోమా ఉంటే ఆ నల్లటి ఖాళీలో బూడిదరంగు ముద్ద ఒకటి ఊగుతుంటుంది. వాల్వు తెరుచుకోగానే ఆ రెండు గీతల మధ్యకు దూరి జఠరికలోకి తొంగిచూసి వెనక్కి వస్తుంది. ఒక్కసారి చూసినవాళ్లు మర్చిపోలేరు. ప్రోబ్ కోణం కాస్త మారిస్తే కాడ గోడకు అంటుకున్న చోటు తెలుస్తుంది. రిపోర్టులో అన్నిటికన్నా విలువైన వాక్యం కూడా అదే. కణితి ఎంత పెద్దదన్న దానికన్నా ఎక్కడ అంటుకుని ఉందన్నదే అది ఏమిటో ఎక్కువగా చెబుతుంది.

ఎందుకంటే గుండెలో కనిపించే ముద్దలన్నీ కణితులు కావు. నాడి లయ తప్పి, కర్ణిక బాగా సాగి, వాల్వు ఇరుకైన మనిషిలో ముద్ద ఉంటే, అదీ కర్ణికకు అతికి ఉండే అపెండేజ్ అనే చిన్న సంచిలో ఉంటే, అది రక్తపు గడ్డ అయ్యే అవకాశమే ఎక్కువ. గుండెపోటు వచ్చి జఠరిక కొస కదలని చోట ఉన్న ముద్దా అంతే. వాల్వు అంచున చిన్న ముద్ద, జ్వరం, రక్తం కల్చర్‌లో సూక్ష్మజీవి ఉంటే అది ఎండోకార్డైటిస్. జ్వరం లేకుండా బృహద్ధమని వాల్వు మీద సెంటీమీటరు లోపు ముద్ద ఊగుతుంటే పాపిల్లరీ ఫైబ్రోఎలాస్టోమా అనే కణితి కావచ్చు. అది కేన్సర్ కాదు గానీ మెదడుకు ముక్కల్ని పంపగలదు, కాబట్టి ఊగుతున్నదాన్ని, ముఖ్యంగా ఎడమ వైపు ఉన్నదాన్ని, తీసేయడమే మేలనుకుంటారు. ఇక కుడి కర్ణికలో పుట్టుకతోనే ఉండే కొన్ని పొరలు, మడతలు ముద్దల్లా కనిపించి అనవసరంగా బెంగపెట్టిస్తాయి. అనుభవమున్న కార్డియాలజిస్టు రెండోసారి చూస్తే ఆ భయం తీరిపోతుంది.

సందేహం మిగిలితే గొంతులోంచి ట్యూబు పంపి తీసే ఎకో పనికొస్తుంది. అన్నవాహిక ఎడమ కర్ణికకు సరిగ్గా వెనకే ఉంటుంది, కాబట్టి ఆ బొమ్మ చాలా స్పష్టంగా వస్తుంది. అప్పటికీ తేలకపోతే గుండె ఎమ్మారై. రక్తపు గడ్డలో రక్తనాళాలు ఉండవు, కాబట్టి ఎమ్మారై తీసేటప్పుడు రక్తనాళంలోకి ఎక్కించే గడోలినియం మందు దానికి పట్టదు, కణితికి పడుతుంది. కొవ్వు కణితి ఎమ్మారైలో తన కొవ్వు గుణంతోనే బయటపడుతుంది. అయితే ఎమ్మారై యంత్రం ఉన్న ప్రతిచోటా గుండె ఎమ్మారై తీయరు. గుండె కొట్టుకునే లయకు జత చేసి తీయాలి, మధ్యమధ్య రోగి ఊపిరి బిగబట్టాలి, చదవగలిగిన రేడియాలజిస్టు ఉండాలి. డెల్టా నుంచి విశాఖపట్నం, విజయవాడ, హైదరాబాద్ వెళ్లాల్సి వచ్చేది ఇక్కడే. ఎకోలో అన్ని లక్షణాలూ అచ్చంగా కుదిరిన ఎడమ కర్ణిక మిక్సోమాకు ఎమ్మారై కోసం వారాల తరబడి ఎదురుచూడటం మాత్రం అక్కర్లేదు. ఆపరేషన్‌కు ముందు నలభై దాటినవాళ్లకు యాంజియోగ్రామ్ తీస్తారు, గుండె రక్తనాళాల్లో పూడికలుంటే అదే ఆపరేషన్‌లో సరిచేయవచ్చు.

ఇళ్లల్లో తరచుగా వచ్చే ప్రశ్న: ముక్క పరీక్ష చేయకుండా గుండె ఎలా కోస్తారు? ఎడమ వైపు మిక్సోమాను సూదితో గుచ్చితే ముక్క ఊడి మెదడుకు పోవచ్చు. అందుకే ముందు పూర్తిగా తీసి, ఆ తర్వాతే పరీక్షకు పంపుతారు. కుడి వైపు కణితి తీరు చూసి లింఫోమా, అంటే తెల్ల రక్తకణాల్లో పుట్టే కేన్సర్, అని అనుమానం వస్తే సంగతి వేరు. అక్కడ ముందు ముక్క పరీక్షే చేయాలి, ఎందుకంటే లింఫోమాకు అసలు వైద్యం కీమోథెరపీ, కోత కాదు.

కోత, దాని వెనక చరిత్ర

మిక్సోమా మందులతో కరగదు. రక్తం పలచబడే మాత్రలు గడ్డను తగ్గించవచ్చు గానీ కణితిని కాదు. ఏకైక చికిత్స ఓపెన్ హార్ట్ ఆపరేషన్. నిర్ధారణ అయ్యాక పెళ్లి ఉందనో, పొలంలో కోతలు ఉన్నాయనో నెలలు వాయిదా వేయడం ప్రమాదం. ఈలోగా ముక్క ఊడవచ్చు, వాల్వు మూసుకుపోవచ్చు.

రొమ్ము ఎముకను నిలువుగా కోసి, గుండె, ఊపిరితిత్తుల పనిని కాసేపు తాను చేసే హార్ట్ లంగ్ మిషన్‌కు రక్తాన్ని మళ్లించి, గుండెను ఆపి లోపలికి వెళ్తారు. బృహద్ధమనికి క్లాంప్ బిగించేదాకా సర్జన్ గుండెను వీలైనంత తక్కువగా ముట్టుకుంటారు. కొట్టుకుంటున్న గుండెను అటూ ఇటూ కదిపితే ముక్క ఊడుతుందన్న జాగ్రత్త అది. కాడను గోడ దగ్గర కత్తిరించి వదిలేయరు. అది అంటుకున్న చోట గోడ ముక్కను కూడా చుట్టూ కొంత మేర తీసి, ఆ రంధ్రాన్ని రోగి సొంత గుండె పొరతోనే తరచుగా మూస్తారు. మిగతా గదుల్లోనూ మరో కణితి ఉందేమో చూస్తారు, కర్ణికను సెలైన్‌తో కడుగుతారు, వాల్వు సరిగ్గా మూసుకుంటోందో లేదో పరీక్షిస్తారు. అనుభవమున్న చోట్ల ఈ ఆపరేషన్‌లో ప్రాణాపాయం నూటికి రెండు మూడుకు మించదు.

ఇంత సూటిగా కనిపించే పని ఇరవయ్యో శతాబ్దం సగం గడిచేదాకా అసాధ్యం. ఇటలీ శరీరశాస్త్రజ్ఞుడు రియాల్డో కొలంబో గుండె కణితి గురించి రాసింది 1559లో. ఆ తర్వాత దాదాపు నాలుగు శతాబ్దాలపాటు అది ఎక్కువగా శవపరీక్షలో తెలిసే జబ్బే. 1953లో అమెరికా సర్జన్ జాన్ గిబ్బన్ హార్ట్ లంగ్ మిషన్‌తో తొలిసారి విజయవంతంగా ఆపరేషన్ చేశారు. మరుసటి ఏడే, 1954లో, స్వీడన్ సర్జన్ క్లారెన్స్ క్రాఫోర్డ్ అలాంటి యంత్రం సాయంతోనే ఎడమ కర్ణిక మిక్సోమాను తీసి రోగిని బతికించారు. 1959లో ఎఫెర్ట్, డొమానిగ్ అనే జర్మన్ వైద్యులు అల్ట్రాసౌండ్‌తో ఈ కణితిని గుర్తించారు. ఇవాళ భీమవరంలో గంటసేపట్లో తేలే విషయం డెబ్భై ఏళ్ల కిందట ప్రపంచంలో ఎక్కడా రోగి బతికుండగా తేలికగా తెలిసేది కాదు.

కేన్సర్ అయినప్పుడు

గుండెలో పుట్టే కేన్సర్లలో ముందు చెప్పుకోవాల్సింది రక్తనాళాల లోపలి పొర కణాల నుంచి పుట్టే యాంజియోసార్కోమా. ఇది ఎక్కువగా కుడి కర్ణికలో మొదలై, గోడలోకి దిగబడి, గుండె చుట్టూ ఉన్న పొరలోకి పాకి అక్కడ రక్తంతో కలిసిన నీరు చేరుస్తుంది. గుండె చుట్టూ నీరంటే మన దగ్గర ముందు తట్టేది టీబీ, అది సహజం కూడా. కానీ తీసిన నీరు ఎర్రగా ఉండి, తీసిన కొద్దీ మళ్లీ చేరుతూ, టీబీ మందులు వాడినా తగ్గకపోతే అక్కడ ఆగి ఆలోచించాలి. నీటిని కణాల పరీక్షకు పంపడం మొదటి పని. ఆ పరీక్షలో కేన్సర్ కణాలు దొరకనంత మాత్రాన లేదని కాదు, సీటీ గానీ ఎమ్మారై గానీ తీసి కర్ణిక గోడను చూడాలి. ఎడమ కర్ణికలో సార్కోమా వస్తే మిక్సోమా అని పొరబడే ప్రమాదముంది. మధ్య గోడకు కాకుండా వెనక గోడకు వెడల్పుగా అంటుకుని, ఊపిరితిత్తుల సిరల్లోకి పాకుతుంటే సర్జన్ ముందే సందేహించాలి.

దీని గురించి అబద్ధపు ధైర్యం చెప్పకూడదు. యాంజియోసార్కోమా బయటపడేసరికి చాలామందికి అప్పటికే ఊపిరితిత్తులకు పాకి ఉంటుంది, బతికే కాలం చాలాసార్లు నెలల్లోనే ఉంటుంది. పూర్తిగా కోసి తీయగలిగినవాళ్లు మిగతావాళ్ల కన్నా ఎక్కువ కాలం బతుకుతారు, అందుకే కొన్నిచోట్ల ముందు కీమో ఇచ్చి కణితిని కుదించి ఆ తర్వాత కోస్తారు. ఈ నిర్ణయం ఒక్క గుండె సర్జన్‌దో ఒక్క కేన్సర్ వైద్యుడిదో కాకూడదు, ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తీసుకోవాలి. విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఉంది. గుండె ఆపరేషన్లు చేసే ఆసుపత్రులూ ఆ నగరంలో ఉన్నాయి. డెల్టా కుటుంబానికి ఆ రెండింటి అభిప్రాయం కలిపి తీసుకోవడం తేలికే. ఆపరేషన్ అయిపోయాక కాకుండా ముందే తీసుకోవాలి.

వేరేచోట మొదలైన కేన్సర్ గుండెకు పాకినప్పుడు కథ సాధారణంగా మూల జబ్బుదే. ఊపిరితిత్తులు, రొమ్ము, లింఫోమా, మెలనోమా అనే చర్మ కేన్సర్ ఈ పని చేస్తాయి. కాలేయం, మూత్రపిండం కేన్సర్లు మాత్రం పెద్ద సిరలోంచి పైకి పాకి కుడి కర్ణికలో ముద్దగా తేలతాయి. కుడి కర్ణికలో ముద్ద కనిపిస్తే ప్రోబ్‌ను కాస్త కిందికి జరిపి కాలేయం దగ్గరి సిరను కూడా చూడటం అందుకే. మూత్రపిండం కేన్సర్‌లో సిరలోకి తోకలా పాకిన ఆ భాగాన్ని కూడా కలిపి తీయగలిగితే మంచి ఫలితాలొస్తాయి.

పిల్లల్లో

పిల్లల సంగతి వేరే లెక్క. వాళ్లకు ఎక్కువగా వచ్చేది రాబ్డోమయోమా. ఐదారు నెలలు దాటాక గర్భిణికి చేసే స్కానింగ్‌లోనే జఠరికల గోడల్లో తెల్లటి ముద్దలుగా, తరచుగా ఒకటికన్నా ఎక్కువ, కనిపిస్తాయి. వినగానే ఇల్లంతా కుప్పకూలిపోతుంది. నిజానికి వీటిలో చాలావరకు పుట్టాక వాటంతట అవే కుదించుకుపోతాయి. రక్తం దారికి అడ్డం పడినా, గుండె లయ ప్రమాదకరంగా తప్పినా తప్ప కోయరు. ఎవరోలిమస్ లాంటి మందులతో కుదించిన సందర్భాలూ ఉన్నాయి. అసలు చూడాల్సింది గుండె అవతల. రాబ్డోమయోమా ఉన్న పిల్లల్లో సగానికిపైగా ట్యూబరస్ స్క్లెరోసిస్ అనే జన్యు జబ్బు ఉంటుంది. ఒంటిమీద తెల్లటి ఆకు ఆకారపు మచ్చలు, మొదటి ఏడాదిలోనే మూర్ఛలు దాని గుర్తులు. మూర్ఛలకు త్వరగా వైద్యం మొదలుపెడితే పిల్లల ఎదుగుదల మెరుగ్గా ఉంటుంది.

మేనరికం వల్లే ఇలా జరిగిందని కోడలినో పెళ్లి కుదిర్చిన పెద్దలనో నిందించడం ఇక్కడ మామూలు. ఈ జబ్బుకు ఆ నింద వర్తించదు. ఇది ఒక్క జన్యువు మారినా వచ్చే జబ్బు. మూడింట రెండు వంతుల పిల్లల్లో ఆ మార్పు తల్లిదండ్రుల్లో లేకుండా కొత్తగా పుట్టిందే. తర్వాతి బిడ్డ గురించి తెలుసుకోవాలంటే జన్యు పరీక్ష, తల్లిదండ్రుల చర్మం పరీక్ష చేయించుకోవాలి. పసివాళ్ల గుండె వైద్యానికి తిరుపతిలో తితిదే 2021లో ప్రారంభించిన శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం కూడా ఇప్పుడొక దారి.

డెల్టా నుంచి ఆపరేషన్ బల్లదాకా

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం చేరి, అక్కడి నుంచి భీమవరం, అటు నుంచి విజయవాడ వెళ్లే కుటుంబం దగ్గర ఉండాల్సింది ఎకో రిపోర్టు కాగితం ఒక్కటే కాదు. కదిలే బొమ్మల వీడియోను పెన్‌డ్రైవ్‌లోనో ఫోన్‌లోనో అడిగి తీసుకోవాలి. కాగితం మీద అచ్చేసిన నిశ్చల చిత్రంలో కణితి ఊగే తీరు కనిపించదు, సర్జన్‌కు కావాల్సింది అదే. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకంలో గుండె ఆపరేషన్లున్నాయి. చేరే ఆసుపత్రికి ఈ జబ్బు ఆపరేషన్‌కు అనుమతి ఉందా అని బయలుదేరకముందే అక్కడి ఆరోగ్యమిత్రను ఫోన్‌లో అడిగితే దారిఖర్చూ రోజులూ మిగులుతాయి. స్పృహ తప్పుతున్న మనిషిని మాత్రం బస్సులో తీసుకెళ్లకూడదు. 108 పిలవాలి.

ఈ గొలుసులో మొదటి మనిషి చాలాసార్లు ఊళ్లో ఆర్‌ఎంపీ. ఆయన ఎకో చదవనక్కర్లేదు. ఆయాసంతోపాటు జ్వరం, జ్వరంతోపాటు పక్షవాతం, పక్క మారిస్తే మారే దడ, ఇలాంటి జతలు కనిపించినప్పుడు సెలైన్ ఎక్కించి చూద్దామనకుండా పట్టణానికి పంపితే చాలు.

ఆపరేషన్ తర్వాత పెథాలజీ రిపోర్టు తీసుకోకుండా ఇంటికి రాకూడదు. మిక్సోమా అని తేలితే కొన్నేళ్లపాటు ఏడాదికోసారి ఎకో చాలు. కుటుంబంలో ఇంకెవరికీ లేకుండా వచ్చినదైతే మళ్లీ వచ్చే అవకాశం నూటికి ఒకటి నుంచి మూడు. చిన్న వయసులో వచ్చినా, ఒకటికన్నా ఎక్కువ ఉన్నా, ఎడమ కర్ణికలో కాకుండా మరోచోట ఉన్నా, పెదాల చుట్టూ కళ్ల దగ్గర నల్లటి చుక్కలున్నా కార్నీ కాంప్లెక్స్ అనే వంశపారంపర్య జబ్బును వెతకాలి. 1985లో ఐడన్ కార్నీ అనే పెథాలజిస్టు దీన్ని వర్ణించారు. వీళ్లలో కణితి తిరిగి రావడం ఎక్కువ, కాబట్టి ఎకోలు జీవితాంతం ఉండాలి. తోబుట్టువులకూ పిల్లలకూ ఏ బాధా లేకపోయినా ఎకో తీయించాలి, ఎందుకంటే తల్లిదండ్రుల్లో ఒకరికి ఈ జన్యుమార్పు ఉంటే ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగానికి సగం.